అర మిల్లీమీటరు ప్రతిఘటన

మావారి మీద ప్రభుత్వం మోపిన నేరం పొడవు అర మిల్లీమీటరు. అంతకంటే ఎక్కువని ఎవరూ అనలేదు, తక్కువంటే ఒప్పుకోనూ లేదు. ముప్పై మూడేళ్ళ సర్వీసు పూర్తిచేసి, ఇంకో ఏడు నెలల్లో రిటైరవబోయే మనిషి నెత్తిన ఆ కొలత ఎలా వచ్చి కూర్చుందో చెప్పాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నేరానికి మూలమైన మాట రాసింది నేను. బీన్స్ తరుగుతూ రాశాను.

మావారు గౌరీపతి గారు కాలువల శాఖ మరమ్మతు కర్మాగారంలో మిల్లింగ్ మెషీను నడుపుతారు. కాలువ షట్టర్లకు కావలసిన పళ్ళ చక్రాలు, బుష్షులు, మూతలు అక్కడ తయారవుతాయి. మిల్లింగ్ మెషీను చూడని వాళ్ళు కొబ్బరి కోరే యంత్రాన్ని తలుచుకుంటే చాలు. తిరిగే పళ్ళు ఒకచోటే ఉంటాయి, చిప్పను మనం జరుపుతాం. ఇక్కడ చిప్పకు బదులు ఇనప ముక్క, దాన్ని బిగించడానికి ఒక బల్ల. బల్ల కింద చేతి పొడవున్న మర, అంటే పెద్ద స్క్రూ, ఒకటి ఉంటుంది. ఆ మర ఒక కంచు నట్టులో తిరుగుతుంది. చక్రం తిప్పితే మర తిరుగుతుంది, మర తిరిగితే బల్ల జరుగుతుంది.

ఈ మెషీను 1964లో వచ్చింది. నట్టు కూడా అప్పటిదే. అరవై ఏళ్ళు మర తిరిగీ తిరిగీ దాని పళ్ళు అరిగిపోయాయి. అందుకని చక్రాన్ని ముందుకు తిప్పి ఆపి, వెనక్కి తిప్పితే మొదటి అర మిల్లీమీటరు దాకా చక్రమే తిరుగుతుంది, బల్ల మాత్రం ఉలకదు. మా క్వార్టర్సులో వంటింటి కిటికీ రెక్క కూడా ఇంతే. కొక్కెం ఊడి నాలుగేళ్ళయింది, గాలి ఎటు వీస్తే అటు కాసేపు ఊగి అప్పుడు కొట్టుకుంటుంది. కొక్కెం కోసం పెట్టిన దరఖాస్తు పరిశీలనలో ఉంది.

మెషీనులోని ఈ జబ్బును షాపులో లూజు అంటారు, ఇంగ్లీషు పుస్తకాల్లో బ్యాక్‌లాష్ అంటారు. మావారు దాన్ని జబ్బుగా కాక స్వభావంగా తీసుకున్నారు. ఏ కొలతకైనా ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తారు. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వస్తారు. ఆయన చేతి కింద ఆ మెషీను వెంట్రుకవాసి తేడా లేకుండా పనిచేసేది. మా అత్తగారితో నేను కాపురం చేసిన పద్ధతి కూడా దాదాపు ఇదే కాబట్టి నాకు తేలిగ్గానే అర్థమైంది.

కిందటి ఏడాది దసరాకు ముందు పై ఆఫీసు నుంచి ఒకే కవరులో రెండు సర్క్యులర్లు వచ్చాయి. మొదటిది నవయంత్ర సంకల్పం. యాభై ఏళ్ళు దాటిన ప్రతి యంత్రానికీ సర్వో మోటార్లు, ఎన్‌కోడర్లు బిగించి ఉగాదిలోగా నవయౌవనం ప్రసాదించాలి. రెండోది మాతృభాషా సంకల్పం. సాంకేతిక విషయాలతో సహా సమస్త ఉత్తరప్రత్యుత్తరాలూ తెలుగులోనే, శాఖ ఆమోదించిన పదకోశంలోని మాటలతోనే సాగాలి. ఇంగ్లీషు ముక్క కనిపిస్తే ఫైలు వెనక్కి వస్తుంది. మనుషుల పేర్లకూ ఊళ్ళ పేర్లకూ కొలతలకూ మాత్రం మినహాయింపు. ఈ మినహాయింపును గుర్తుపెట్టుకోండి. నేనూ పెట్టుకున్నాను.

మావారు సర్వోలకు వ్యతిరేకి అనుకునేరు. నా జాతకం చూసినప్పుడు కూడా అంత ఆసక్తిగా చూసి ఉండరు, మూడు రోజులు ఆ సర్వోల కేటలాగు చదివారు. సర్వో మోటారు ఎంత తిరగమంటే అంతే తిరుగుతుందట. దాని తోకలో ఎన్‌కోడరని ఒక చిన్న కన్ను ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో అది లెక్కపెట్టి స్క్రీనుకు చెబుతుంది. ఆయన నా అప్పడాల కర్ర తీసుకుని, ఒక చివర వేలు పెట్టి చూపించారు. ఈ కన్ను మోటారు తిరగడం చూస్తుంది, అవతల బల్ల కదిలిందో లేదో దానికి కనిపించదు. నట్టు మార్చకుండా మోటారు బిగిస్తే మోటారు తిరిగాననుకుంటుంది, కన్ను చూశాననుకుంటుంది, స్క్రీను అయిపోయిందంటుంది, బల్ల మాత్రం అక్కడే ఉంటుంది.

"అచ్చం మీ ఆఫీసులాగే," అన్నాను.

ఆయన నవ్వలేదు. అర మిల్లీమీటరు విషయంలో ఆయనకు హాస్యం పనికిరాదు. ముందు అరిగిన మరనూ కంచు నట్టునూ తీసేసి, ఆ స్థానంలో బాల్ స్క్రూ అనే కొత్త రకం మరను బిగించాలి. దాని నట్టులో ఉక్కు గోళీలు ఉంటాయి, లూజనేది ఉండదు. ఈ సంగతి నోటు రాసి పెడదామన్నారు. నేను బి.ఏ. తెలుగు కాబట్టి ఆఫీసు రాతకోతలన్నీ మా వంటింట్లోనే జరుగుతాయి.

మొదటిసారి "మెషీనులో లూజు ఉంది" అని రాశాను. లూజు ఇంగ్లీషు మాట అని తిరిగొచ్చింది. రెండోసారి "వదులు ఉంది" అని రాశాను. వర్క్స్ మేనేజరు వైకుంఠరావు గారు ఎర్ర సిరాతో వ్యాఖ్య రాసి పంపారు: "ప్రభుత్వ యంత్రము వదులుగా నున్నదనుట పర్యవేక్షణయే వదులుగా నున్నదను అర్థమునకు దారితీయును. పదకోశములోని పారిభాషిక పదమునే వాడవలెను."

సరేనని పదకోశం తెరిచాను. దాన్ని కూర్చిన వాళ్ళు ఎక్కువగా రెవిన్యూ వాళ్ళూ పోలీసు వాళ్ళూ అయి ఉండాలి. సర్వోకు పరిచారక చోదకం అని ఉంది, ఎన్‌కోడరుకు సంకేతలేఖిని. బ్యాక్‌లాష్‌కు మాత్రం ఒకే అర్థం ఇచ్చారు: తీవ్ర ప్రతిఘటన.

మూడోసారి నేను రాసిన వాక్యం ఇది: "ఈ యంత్రము వద్ద అర మిల్లీమీటరు తీవ్ర ప్రతిఘటన కలదు. దానిని తొలగింపక పరిచారక చోదకములు బిగించుట నిష్ప్రయోజనము."

మావారు చదివి, ఇదేదో ఎవరో మెషీను ముందు ధర్నాకు కూర్చున్నట్టుందన్నారు. పదకోశంలో ఉన్న మాటేనని వేలు పెట్టి చూపించాను. ఆయన సంతకం పెట్టారు. ఇప్పుడు దాచడమెందుకు, తెలిసే రాశాను. రెండుసార్లు తిప్పి పంపిన మేనేజరు గారి మీద నాలో ఉన్నది అర మిల్లీమీటరు కంటే ఎక్కువే.

కిటికీ కొక్కెం ఫైలు నాలుగేళ్ళుగా కదలలేదు. ఈ ఫైలు తొమ్మిది రోజుల్లో కదిలింది. ప్రతిఘటన అనే మాటకు ప్రభుత్వంలో అంత వేగం ఉందని నాకు తెలియదు. పదో రోజున నవయంత్ర సంకల్ప ప్రత్యేకాధికారి గారు స్వయంగా కారులో దిగి, గేటు దగ్గరే ఆగి, ప్రతిఘటన ఇప్పుడు అదుపులో ఉందా అని వాచ్‌మన్‌ను అడిగారట. వాచ్‌మన్ ఆలోచించి, మధ్యాహ్నం భోజనాల వేళ కొంచెం తగ్గుతుందని చెప్పాడట.

మీటింగులో జరిగింది ఫిట్టరు సూరపరాజు చెబితే నాకు తెలిసింది. ఆయన మావారికి ఇరవై ఏళ్ళ స్నేహితుడు, మా ఇంటి కాఫీకి పాతికేళ్ళ స్నేహితుడు. ప్రత్యేకాధికారి గారు నలభై నిమిషాలు మాట్లాడారు. సంస్కరణల రథానికి అడ్డుపడే శక్తులు బయట ఉండవు, లోపలే ఉంటాయి అన్నారు. ప్రతిఘటన పరిమాణం ముఖ్యం కాదు, దాని దిశ ముఖ్యం అన్నారు.

మావారు లేచి నిలబడి, "రెండు దిశల్లోనూ ఉందండి," అన్నారట. "ముందుకు తిప్పి వెనక్కి మళ్ళించినా, వెనక్కి తిప్పి ముందుకు మళ్ళించినా."

ప్రత్యేకాధికారి గారు దాన్ని రాసుకున్నారు. మినిట్సులో అది ద్విముఖ ప్రతిఘటన అయింది. అది మెషీనులో ఉందండీ, మనుషుల్లో కాదని మావారు మళ్ళీ చెప్పబోయారు. యంత్రం ప్రభుత్వ ఆస్తి, ప్రభుత్వ ఆస్తి ప్రభుత్వాన్ని ప్రతిఘటించజాలదు, కాబట్టి ఇది సిబ్బందిదే అని ప్రత్యేకాధికారి గారు తేల్చేశారు. తర్కంలో లోపం ఎక్కడుందో పట్టుకుందామని నేను రెండు రోజులు ప్రయత్నించాను. పప్పు మాడింది గాని లోపం దొరకలేదు.

మర్నాటి నుంచి కర్మాగారంలో కొలతలు మొదలయ్యాయి. అందరికీ స్వీయ ప్రకటన పత్రాలు ఇచ్చారు. పేరు, హోదా, పుట్టుమచ్చలు, ఆ కింద "తమలోని ప్రతిఘటన (మి.మీ.లలో)". మొదటి విడతలో అందరూ సున్నా వేశారు. సున్నా వేసినవాళ్ళు దాస్తున్నట్టు లెక్కని పత్రాలు తిప్పి పంపారు. రెండో విడతలో సూరపరాజు వినయంగా పావు అని రాశాడు. టైపిస్టు అప్పలనరసమ్మ గారు రెండు అనీ, సోమవారాల్లో మూడు అనీ రాసింది. వైకుంఠరావు గారు తన పత్రంలో "వర్తించదు" అని రాసుకున్నారు.

అన్నీ కూడితే పదకొండుంపావు వచ్చింది. ఆ అంకెను గేటు పక్కన నల్లబోర్డు మీద రాశారు: "నేటి ప్రతిఘటన 11.25 మి.మీ." రోజూ పదో వంతు తగ్గాలని లక్ష్యం పెట్టారు. తగ్గించే బాధ్యత వాచ్‌మన్‌ది. ఆయన పొద్దున్నే వచ్చి తుడిచి తక్కువ అంకె వేసేవాడు. మా ఊళ్ళో ఏ సంస్కరణా అంత నిలకడగా ముందుకు సాగలేదు.

బోర్డు మీద అంకె ఎంత తగ్గినా అర దగ్గర ఆగుతుందని, ఎందుకంటే అది గౌరీపతిదని, దాన్ని ఆయనే ఒప్పుకుని సంతకం పెట్టాడని మేనేజరు గారు పైకి రాశారు. దాంతో శాఖ పంపిన వైఖరి నిపుణురాలు డాక్టర్ హైమావతి గారు మా ఇంటికి వచ్చింది. మెత్తటి మనిషి, చేతిలో ఫైలు, కళ్ళలో జాలి. మావారిని కూర్చోబెట్టి, మార్పు అనే మాట వినగానే మీకు శరీరంలో ఎక్కడ బిగుసుకున్నట్టు ఉంటుందని అడిగింది. బిగుసుకుంటే బాగానే ఉండును, వదులయ్యే కదా ఈ తంటా అన్నారాయన. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఇంట్లో ఎలా ఉంటారమ్మా? ప్రతిఘటన ఏమైనా కనిపిస్తుందా?"

"దోసకాయ పప్పు వరసగా రెండు రోజులు చేస్తే కనిపిస్తుందండి."

"ఎంత ఉండొచ్చు?"

"అర మిల్లీమీటరే. దాటనివ్వను."

ఆవిడ రాసుకుంది. నివేదికలో దాన్ని గృహ ధ్రువీకరణ అన్నారని తర్వాత తెలిసింది. నా హాస్యం మావారి ఫైలులో సాక్ష్యమైంది. ఆ రోజు నుంచి కొంచెం జాగ్రత్తగా నవ్వుతున్నాను.

మనుషుల పని ఇలా సాగుతుండగా మెషీను పని కూడా సాగింది. కంచు నట్టును అలాగే ఉంచి, మరకు సర్వో మోటార్లు బిగించారు, తోకలకు ఎన్‌కోడర్లు పెట్టారు. ఆకుపచ్చ మెషీనుకు తెల్ల రంగు వేసి, పక్కన పెద్ద స్క్రీను నిలబెట్టారు. నట్టు మార్చే సంగతి ఏమైందని మావారు అడిగితే, ప్రతిఘటనను యంత్రంలోంచి కాక మనసులోంచి తొలగించాలన్నది శాఖ విధానమని వైకుంఠరావు గారు చెప్పారు.

ప్రారంభోత్సవానికి ఉద్యోగుల కుటుంబాలను కూడా పిలిచారు. అందువల్ల ఇది నేను కళ్ళారా చూశాను. ప్రత్యేకాధికారి గారు మీట నొక్కారు. మెషీను తనంతట తానే ఒక ఉక్కు పలకలోంచి గుండ్రటి మూత కోయడం మొదలుపెట్టింది. ఎవరూ చక్రం తిప్పకుండా బల్ల అలా జరుగుతుంటే ముచ్చటేసింది. మావారు చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికూతుర్ని అప్పగించిన తండ్రిలా ఒక పక్కన నిలబడ్డారు. స్క్రీను మీద పచ్చటి గీత పాకుతూ పాకుతూ చక్కటి వృత్తమైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత మూత బయటికి తీశారు. బల్ల దిశ మళ్ళిన రెండు చోట్లా చిన్న మెట్టు ఉంది. ఒక వైపు లాగినట్టు, ఒక వైపు నొక్కినట్టు. కొత్త కోడలు ఒత్తిన మొదటి చపాతీ అలాగే ఉంటుంది, నాది ఇంకా ఘోరంగా ఉండేది. షట్టరు గూడులో దాన్ని కూర్చోబెట్టబోతే కూర్చోలేదు.

ప్రత్యేకాధికారి గారు స్క్రీను వైపు చూశారు, మూత వైపు చూశారు, మళ్ళీ స్క్రీను వైపు చూశారు.

"స్క్రీను మీద గుండ్రంగా ఉందా లేదా?"

ఉందని వైకుంఠరావు గారు అన్నారు.

"అయితే మనం కోసింది గుండ్రంగానే. ఇది తర్వాత ఇలా అయింది."

ఎలా అయింది, ఎవరి వల్ల అయింది అనే ప్రశ్న మిగిలింది. మెషీనుకు దగ్గరగా నిలబడ్డది ఎవరో అందరూ చూశారు. వారం తిరగకుండా మావారికి మెమో వచ్చింది. "తమయందలి అర మిల్లీమీటరు ప్రతిఘటన తమ సామీప్యము వలన ఉత్పత్తికి సంక్రమించినట్లు ప్రాథమికముగా నిర్ధారణయైనది. తమను యంత్రము నుండి తప్పించి రికార్డు గదికి ఏల పంపరాదో ఏడు దినములలో సంజాయిషీ యీయవలెను."

ఆ రోజు ఆయన అన్నం కెలికి లేచారు. ఉద్యోగం పోదు, జీతం తగ్గదు, రికార్డు గదిలో ఫ్యాను కూడా ఉంది. నేను అవన్నీ చెప్పాను. ఆయన విని, కడిగిన చేయి తుడుచుకుంటూ, చిన్నగా అన్నారు:

"ఏడు నెలలేగా ఉన్నది. ఆ మెషీను ముందు నుంచే ఇంటికొద్దామనుకున్నాను."

అంతే అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. లూజుకు ప్రతిఘటన అని రాసిన చేయి నాది. ఇక దాన్ని వదిలించాల్సిన చేయి కూడా నాదే.

నిజం చెబుతూ సంజాయిషీ ఇస్తే ఏమవుతుందో మాకు తెలుసు. వదులు అని రాస్తే తిరిగొస్తుంది. బ్యాక్‌లాష్ అని రాస్తే తిరిగొస్తుంది. ప్రతిఘటన మెషీనులో ఉందని రాస్తే ప్రభుత్వ ఆస్తి మీద అభాండం అవుతుంది. నాలుగు రోజులు ఆలోచించాను. ఐదో రోజు ఇడ్లీ పిండి రుబ్బుతుంటే, కాలేజీలో వ్యాకరణం చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. తెలుగులో క్రియ లేకుండా వాక్యం రాయొచ్చు, అది మన భాషకున్న సదుపాయం అనేవారు. ఆ సదుపాయం ఎంత దూరం వెళ్తుందో ఆయన కూడా ఆలోచించి ఉండరు. క్రియ ఉంటేనే వచ్చాడో వచ్చిందో తేలుతుంది. క్రియ లేకపోతే అక్కడున్నది మనిషో వస్తువో ఎవరికీ తెలియదు.

పిండి చేయి కడుక్కుని కూర్చున్నాను.

"విషయము: ప్రతిఘటన మూలము గురించి. ప్రతిఘటనకు ఏకైక కారణము కంచు నట్టు. 1964 నుండి ఇదే యంత్రము వద్ద సేవ. నేటి వరకు బదిలీ లేదు, శిక్షణ లేదు, తనిఖీ లేదు. వయోభారము వలన ఆదేశము అందినను వెంటనే కదలిక లేదు. దిశ మార్చమన్న ప్రతిసారి అర మిల్లీమీటరు జాప్యము. ఈ విషయమై గతములో మూడు పర్యాయములు నా విన్నపము. పరిష్కారము: కంచు నట్టు తొలగింపు, ఆ స్థానములో బాల్ స్క్రూ నియామకము."

మావారు రెండుసార్లు చదివారు. అబద్ధం ఎక్కడైనా ఉందేమోనని వెతికారు. ఆయన అబద్ధం మీద సంతకం పెట్టరు.

"అన్నీ నిజాలే," అన్నారు చివరికి. "నియామకం అంటారా దీన్ని? బిగింపు కదా?"

"నియామకం మర్యాదగా ఉంటుందండి."

నట్టూ బాల్ స్క్రూ ఇంగ్లీషు కదా, తిరిగొస్తుందేమో అన్నారు. పేర్లకు మినహాయింపు ఉందన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, సంతకం పెట్టారు.

కంచు అనే ఇంటిపేరు మా జిల్లాలో లేదు గాని, ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. సంజాయిషీ మేనేజరు గారి బల్ల దాటి, ఆయన సంతకంతో, పై ఆఫీసుకు వెళ్ళింది. పది రోజుల తర్వాత ఒక అత్యవసర లేఖ వచ్చింది. శ్రీ కంచు నట్టు అను ఉద్యోగి అరవై ఏళ్ళుగా ఒకే స్థానంలో ఎట్లు కొనసాగుచున్నారు? ఆయన సర్వీసు రిజిస్టరు ఎక్కడ? హాజరు పట్టీలో పేరు ఏల లేదు? స్వీయ ప్రకటన పత్రము ఏల సమర్పింపలేదు?

వైకుంఠరావు గారు రికార్డు గది మొత్తం తిరగేయించారట. నట్టు అనే మనిషి దొరకలేదు. అప్పుడు సూరపరాజును పిలిచి తలుపు మూసి అడిగారు. ఆ సంభాషణ సూరపరాజు మా ఇంట్లో రెండు కాఫీల మీద తన మాటల్లోనే చెప్పాడు:

"ఆయ్, నట్టండి బాబూ. బల్ల కింద ఉంటుంది. కంచుది. రేపొద్దున విప్పి చూపిస్తాను, కావాలంటే," అన్నానండి వదినగారూ. ఆయన ఫ్యాను కేసి చూశారు. నీళ్ళు తాగారు. "మనిషి కాదా?" అన్నారు. "కాదండి," అన్నాను. "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అన్నారు. "షాపులో అందరికీ తెలుసండి, నట్టు కదా," అన్నాను.

మేనేజరు గారి ఇబ్బంది నాకు అర్థమైంది. ఆ కాగితం ఆయన సంతకంతోనే పైకి వెళ్ళింది. నట్టు మనిషి కాదని ఇప్పుడు రాస్తే, చదవకుండా సంతకం పెట్టానని రాసినట్టే. పైకెక్కిన ఫైలును కిందికి దించడం కంటే బల్ల కింది నట్టును కిందికి దించడం తేలికని ఆయన నిర్ణయించుకున్నారు. జవాబులో కేవలం ఇంత రాశారు: "సదరు నట్టు నియామకము నా హయాములోనిది కాదు." అదీ నిజమే. ఈ వ్యవహారంలో మొదటి నుంచి చివరి దాకా అబద్ధమాడినవాళ్ళు ఒక్కరూ లేరు.

నట్టుకు మూడు నోటీసులు వచ్చాయి. మూడింటినీ నియమం ప్రకారం మెషీను పక్కన గోడకు అంటించారు. మూడింటికీ జవాబు రాలేదు. మౌనం కూడా ప్రతిఘటనేనని ప్రత్యేకాధికారి గారు ఫైలులో వ్యాఖ్యానించారు. ఇంత నిండు ప్రతిఘటన తన సర్వీసులో చూడలేదని కూడా రాశారట. బాల్ స్క్రూ విషయంలో ఒక్క సందేహం వెలిబుచ్చారు. పేరు ఉత్తరాది పేరులా ఉంది, అభ్యర్థి స్థానికుడేనా? తయారయ్యేది పొరుగు జిల్లాలోనేనని మావారు ఉన్నదున్నట్టు రాసిచ్చారు. "తయారు" అనే మాటను పై ఆఫీసు వాళ్ళు శిక్షణ అని అర్థం చేసుకున్నట్టున్నారు, అభ్యంతరం చెప్పలేదు.

మాఘమాసంలో ఉత్తర్వులు వచ్చాయి. శ్రీ కంచు నట్టు గారిని వయోపరిమితి దృష్ట్యా నిర్బంధ పదవీ విరమణ చేయించడమైనది. ఖాళీ అయిన స్థానంలో బాల్ స్క్రూను తక్షణం నియమించడమైనది. ప్రతిఘటన మూలాన్ని వెలికితీసిన గౌరీపతి గారిపై అభియోగాలు ఉపసంహరించడమైనది. వారు యంత్రం వద్దనే కొనసాగవలెను. నేను ఈ ఆఖరి వాక్యాన్ని పప్పు చల్లారేదాకా చదివాను. ఆయన ఒక్కసారి చదివి మడిచి, జేబులో పెట్టుకుని, అన్నం రెండోసారి వడ్డించుకున్నారు.

బాల్ స్క్రూ చెక్క పెట్టెలో వచ్చింది. మావారూ సూరపరాజూ కలిసి రెండు రోజులు బిగించారు. చేరిక నివేదికలో సంతకం ఎవరు పెట్టాలనే చర్చ వచ్చిందిగాని, కొత్తవారు పనిలో నిమగ్నమై యున్నారని మేనేజరు గారే రాసి పంపేశారు. మూడో రోజు మూత కోశారు. ఈసారి స్క్రీను వైపు ఎవరూ చూడలేదు. మావారు మూతను తుడిచి, షట్టరు గూడు మీద పెట్టి, చేయి తీసేశారు. అది తనంతట తానే, నెమ్మదిగా, చప్పుడు లేకుండా లోపలికి దిగింది. అలా దిగడాన్ని ఆయన నాకు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ చేత్తో చూపించారు.

గేటు దగ్గర వాచ్‌మన్ బోర్డు తుడిచి సున్నా వేశాడు. రెండు రోజుల తర్వాత అది కూడా చెరిపి, చలివేంద్రం ఎటువైపో రాశాడు.

ఫైలు మూయడానికి ఒక్క కాగితం తక్కువైంది. పదవీ విరమణ చేసినవారి మానసిక స్థితి మీద తుది నివేదిక. విరమణానంతర చిరునామా దగ్గర సూరపరాజు మా ఇంటి నెంబరు రాశాడు, ఎందుకంటే నట్టు నిజంగానే మా ఇంట్లో ఉంది. మావారు దాన్ని చెత్తలో పడేయలేక గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చారు.

డాక్టర్ హైమావతి గారు మళ్ళీ వచ్చింది. కాఫీ ఇచ్చాను. నట్టు గారు మీ దగ్గరే ఉంటున్నారట కదా, ఎలా ఉన్నారని అడిగింది. నేను మళ్ళీ క్రియలు పక్కన పెట్టాను.

"మా దగ్గరే. ప్రశాంతం. పొద్దస్తమానం వంటింటి కిటికీ దగ్గరే."

"పాపం, బయటికి చూస్తూనా?"

"కిటికీకి తోడుగా."

ఆవిడ తలూపి రాసుకుంది. పెద్దవాళ్ళకు కిటికీ మంచిదేనంది. లోపలికి వచ్చి పలకరిస్తానంటే, ఇప్పుడే కదిలించొద్దన్నాను. అదీ నిజమే.

"ప్రతిఘటన ఇంకా ఏమైనా మిగిలిందా అమ్మా? మిల్లీమీటర్లలో?"

బయట గాలి లేచింది. పెరట్లో ఆరేసిన బట్టలు ఎగిరాయి. నేను వంటింటి వైపు చెవి పెట్టాను. నాలుగేళ్ళుగా గాలి వస్తే దడదడలాడే రెక్క, ఎదురుగా నిలబెట్టిన కంచు నట్టుకు ఆనుకుని, చప్పుడు చేయలేదు.

"సున్నా," అన్నాను.